నిలువురాళ్ల దగ్గర కెమెరా: అపోహలు - వాస్తవాలు

మాది పాలమూరు. నారాయణపేట జిల్లాలో కృష్ణ ఒడ్డునున్న ముడుమాల్‌కు ఏళ్లుగా కెమెరాతో వెళ్తున్నాను. 2025 మార్చిలో అక్కడి నిలువురాళ్లు, అంటే పాతకాలపు మనుషులు నిలబెట్టిన పొడవాటి రాళ్లు, యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలో చేరాయి. అప్పట్నుంచి కొత్తగా వెళ్లేవాళ్లు నన్ను అడిగే మాటలే ఇవి.

అపోహ: సమాధుల చోటు కదా, ఫొటో చూస్తే భయం వేయాలి.

వాస్తవం: ఎడిటింగ్‌లో నీలం, నలుపు దట్టించిన ఫొటోలు చూస్తే నాకు బాధేస్తుంది. 3,000 ఏళ్లకు పైబడిన ఆ రాళ్లు పోయినవాళ్ల గుర్తుగా నిలబెట్టినవని పరిశోధకులు అంటారు. ఊరివాళ్లకు మాత్రం అవి దేవుళ్లు. నిలురాళ్ల తిమ్మప్ప అని మొక్కుతారు, ఒక రాయిని ఎల్లమ్మగా కొలుస్తారు. పసుపు, కుంకుమ ఉన్నచోట వాటిని ఉన్న రంగులోనే చూపించండి. అక్కడ మనసును పట్టేది నిశ్శబ్దం. దాన్ని ఫొటోలోకి తెచ్చేది పొద్దుటి ఏటవాలు వెలుగు. సూర్యుడు లేచిన మొదటి అరగంటలో రాతి గరుకంతా పైకి తేలుతుంది, నీడలు నేలమీద బారుగా పడతాయి. చీకటితోనే చేరుకోండి. ముందు కెమెరా తీయకుండా ఒకసారి చుట్టూ తిరగండి.

అపోహ: 14 అడుగుల రాయి పెద్దగా కనపడాలంటే కిందినుంచి వైడ్ లెన్స్‌తో తీయాలి.

వాస్తవం: అలా తీస్తే రాయి వెనక్కి వాలిపోతుంది. దూరం జరిగి 50 లేదా 85 ఎంఎం లెన్స్ వాడండి. దారినపోయే మనిషి ఫ్రేములో ఉంటే ఎత్తు దానంతటదే తెలుస్తుంది. అడిగి తీయండి.

అపోహ: రాతి మీది గుంటలు కనపడాలంటే సున్నమో చాక్‌పీసో రాయాలి.

వాస్తవం: దయచేసి రాయకండి, నీళ్లు కూడా పోయకండి. ఒక బండ మీది గుంటలు సప్తర్షి మండలాన్ని చూపిస్తాయని పరిశోధకులు చెప్పారు. అంత విలువైన గుర్తును మనం చెరిపినవాళ్లమవుతాం. చీకటిపడ్డాక టార్చిని రాతికి దాదాపు ఆనించి పక్కనుంచి వేయండి. గుంటల్లో నీడ నిండి, ఒక్కొక్కటీ విడిగా కనపడుతుంది.

అపోహ: చుక్కలు తీయాలంటే ఖరీదైన కెమెరా కావాలి.

వాస్తవం: గట్టి ట్రైపాడ్, అమావాస్య రాత్రి చాలు. 20 ఎంఎం లెన్స్‌తో 20 సెకన్లు తెరిచి ఉంచితే చుక్కలు చుక్కల్లాగే ఉంటాయి. ఏప్రిల్, మే నెలల్లో రాత్రి తొమ్మిదింటికి ఉత్తరం వైపు తిరగండి. బండ మీదున్న ఆ సప్తర్షులే ఆకాశంలో ఎత్తుగా ఉంటారు.