అడల్ట్ క్లబ్ జోనింగ్: అపోహలు - వాస్తవాలు

"మా ఇంటి దగ్గర అడల్ట్ క్లబ్ వస్తోందట. కాలనీ అంతా సంతకాలు పెట్టాం. ఇక రాదు కదా?" అమెరికాలో ఇల్లు కొనుక్కున్న మనవాళ్లు పదే పదే అడుగుతుంటారు. పిల్లలున్న ఇంట్లో ఆ కంగారు సహజం. కానీ సంతకాలతో పని జరగదు. తేల్చేది జోనింగ్, అంటే ఎక్కడ ఏ వ్యాపారం పెట్టొచ్చో చెప్పే సిటీ నిబంధనలు.

అపోహ: ఊరంతా వద్దంటే సిటీ ఆపి తీరాలి.

వాస్తవం: అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసే నమ్మకం ఇదే. క్లబ్‌లో జరిగే నగ్న నృత్య ప్రదర్శనకు ఫస్ట్ అమెండ్‌మెంట్ (భావప్రకటనా స్వేచ్ఛను కాపాడే రాజ్యాంగ సవరణ) రక్షణ కొంత ఉంది. "మాకు గిట్టదు" అన్న కారణంతో అడ్డుకుంటే కోర్టులో నిలవదు. 1986లో వాషింగ్టన్ రాష్ట్రంలోని రెంటన్ అనే ఊరికీ అడల్ట్ సినిమా థియేటర్లకూ మధ్య నడిచిన కేసులో సుప్రీంకోర్టు ఒప్పుకున్న కారణం వేరు: చుట్టుపక్కల నేరాలు పెరగడం, ఆస్తుల విలువ పడిపోవడం వంటి పరోక్ష ప్రభావాలు. హియరింగ్‌లో ఒకరి తర్వాత ఒకరు లేచి నీతి గురించి మాట్లాడితే అదంతా రికార్డుకెక్కుతుంది. రేపు క్లబ్ లాయరు ఆ మాటలే చదివి వినిపించి, ఆర్డినెన్స్ (సిటీ చేసిన చట్టం) అసలు ఉద్దేశం ఇదేనంటాడు.

కౌన్సిల్ ఓటు వేయకముందే పోలీసు కాల్స్ లెక్కలు, ఇతర నగరాల అధ్యయనాలు రాతపూర్వకంగా అందజేయండి. సొంత సర్వే తప్పనిసరి కాదు. రెంటన్ పక్కనున్న సియాటిల్ నగర అనుభవాన్నే ఆధారం చేసుకుంది. అలాగని అతుకుల బొంత రిపోర్టు ఇస్తే కుదరదు. 2002లో అలమెడా బుక్స్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం, క్లబ్ వాళ్లు ఆ ఆధారాన్ని గట్టిగా ఖండించగలిగితే సిటీ మళ్లీ కొత్త ఆధారం చూపాలి.

అపోహ: స్కూలుకు 1,000 అడుగుల లోపు ఉంది, కాబట్టి రాదు.

వాస్తవం: ఆ దూరం దేశమంతటికీ ఒకటి కాదు. రెంటన్‌లో 1,000 అడుగులు, న్యూయార్క్ సిటీ 1995 నిబంధనల్లో 500. అసలు తగాదా కొలత దగ్గరే వస్తుంది: తలుపు నుంచి తలుపుకా, స్థలం సరిహద్దు నుంచి సరిహద్దుకా? తిన్నగా గీత గీసి కొలవాలా, నడిచే దారి వెంబడా? ఆర్డినెన్స్‌లో కొలత గురించిన వాక్యం చదివి, సర్వేయరు చేత కొలిపించండి. ఫోన్‌లో మ్యాప్ చూపిస్తే చెల్లదు.

ఊళ్లో ఎక్కడా లేకుండా నిషేధించడమూ కుదరదు. న్యూజెర్సీలోని మౌంట్ ఎఫ్రయిమ్ ప్రత్యక్ష వినోద ప్రదర్శనలన్నింటినీ నిషేధిస్తే 1981లో సుప్రీంకోర్టు కొట్టేసింది. రెంటన్ గెలవడానికి ఒక కారణం 520 ఎకరాలు, అంటే ఊరి భూమిలో 5 శాతానికి పైగా, అడల్ట్ థియేటర్లకు వదలడం. అందులో చాలా భాగం అమ్మకానికి లేదని థియేటర్ వాళ్లు మొత్తుకున్నా కోర్టు వినలేదు.

కొత్త ఆర్డినెన్స్ కంటే ముందే క్లబ్ వాళ్ల దరఖాస్తు పడితే ఏ నిబంధన వర్తిస్తుందో రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. సంతకాల కోసం తిరిగే ముందు సిటీ ఆఫీసులో ఆ దరఖాస్తు తేదీ కనుక్కోండి.