ఐఎఫ్‌ఎస్‌సీ, స్విఫ్ట్, ఐబాన్: బ్యాంకు ఖాతా సంకేతాలు ఎక్కడి నుంచి వచ్చాయి?

జర్మనీలో ఉద్యోగం చేస్తున్న కొడుకు గుంటూరు బ్రాడీపేటలోని తల్లిదండ్రులకు డబ్బు పంపబోతే, అక్కడి బ్యాంకు ఐబాన్ (అంతర్జాతీయ బ్యాంకు ఖాతా సంఖ్య) అడగవచ్చు. పాసుపుస్తకం మొదటి పేజీ ఎంత వెతికినా అది దొరకదు, ఎందుకంటే భారతదేశం ఆ పద్ధతిలో చేరనే లేదు. ఆ పేజీలో సాధారణంగా ఉండేవి ఖాతా సంఖ్య, శాఖను గుర్తించే పదకొండు స్థానాల ఐఎఫ్‌ఎస్‌సీ, చెక్కుల మీద ఉండే తొమ్మిదంకెల ఎంఐసీఆర్ సంకేతం. ఇవన్నీ ఎవరో ఒకచోట కూర్చుని ఒకే పథకం ప్రకారం రూపొందించినవి కావు. డబ్బు కదిలే దారి మారినప్పుడల్లా ఆ దారికి తగిన సంకేతం ఒకటి వచ్చి చేరింది, పాతది మాత్రం పోలేదు. ఏ సంకేతంలో తప్పు దొర్లితే ఏమవుతుందో తెలియాలంటే ఈ చరిత్ర కొంత తెలియాలి.

వీటిలో మన చేతికి ముందుగా అందినది ఎంఐసీఆర్. 1980ల మధ్యలో మహానగరాల్లో చెక్కుల రాశి పెరిగిపోయి, మనుషులు వేరుచేసి లెక్కపెట్టడం కష్టమైనప్పుడు, అయస్కాంత గుణమున్న సిరాతో ముద్రించిన అంకెలను యంత్రంతో చదివించే ఏర్పాటును రిజర్వు బ్యాంకు తెచ్చింది. గుంటూరు శాఖ చెక్కు ముందువైపు అడుగున ఉన్న తెల్లని పట్టీ చూడండి. మొదట ఆరంకెల చెక్కు సంఖ్య, దాని పక్కన 522తో మొదలయ్యే తొమ్మిదంకెలు ఉంటాయి. విజయవాడ చెక్కయితే అవి 520తో మొదలవుతాయి. ఈ మూడంకెలు పిన్‌కోడ్‌లోని మొదటి మూడే. తరువాతి మూడు బ్యాంకును, చివరి మూడు శాఖను తెలుపుతాయి. చెక్కును ఏ ఊరికి, ఏ బ్యాంకుకు, ఏ శాఖకు చేర్చాలో చెప్పడమే దీని పని. ఖాతాదారు ఎవరన్నది దీనికి సంబంధం లేని విషయం.

ఆ రోజుల్లో ఖాతా సంఖ్య శాఖ గడప దాటేది కాదు. లెడ్జరులో పుట సంఖ్యలాగా మూడు నాలుగు అంకెలే ఉండేవి, అదే సంఖ్య మరో శాఖలో మరొకరికి ఉండేది. పిల్లవాడి కళాశాల రుసుముకు హైదరాబాదు మీద డీడీ తీయించేవారు, అత్యవసరమైతే టీటీ (తంతి ద్వారా సొమ్ము బదిలీ) పంపించేవారు. బ్యాంకులు శాఖలన్నిటినీ ఒకే కంప్యూటర్ వ్యవస్థతో కలిపే కోర్ బ్యాంకింగ్‌కు మారాక ఖాతా శాఖది కాక బ్యాంకుది అయింది, సంఖ్య కూడా పొడవైంది. అయితే ఆ పొడవు ఎంతో ఏ బ్యాంకుకు ఆ బ్యాంకే నిర్ణయించుకుంది. స్టేట్ బ్యాంకులో 11 అంకెలు, ఐసీఐసీఐలో 12, హెచ్‌డీఎఫ్‌సీలో 14. దేశమంతటికీ ఒకే నమూనా పెట్టవచ్చా అని రిజర్వు బ్యాంకు ఒక సంఘంతో పరిశీలన చేయించినా అది ఆచరణకు రాలేదు. నా అభిప్రాయంలో మన వ్యవస్థలోని అసలు లోటు ఇక్కడే ఉంది.

ఐఎఫ్‌ఎస్‌సీ కాగితం కోసం పుట్టింది కాదు, సందేశం కోసం పుట్టింది. ఒక బ్యాంకు నుంచి మరో బ్యాంకుకు సొమ్ము పంపే పద్ధతులైన ఆర్‌టీజీఎస్ 2004 మార్చిలో, నెఫ్ట్ 2005 నవంబరులో మొదలైనప్పుడు, బ్యాంకుల మధ్య ఎలక్ట్రానిక్ సందేశం ఏ శాఖకు చేరాలో చెప్పే చిరునామా అవసరమైంది. ఆ సందేశాలు నడిచే ఎస్‌ఎఫ్‌ఎంఎస్ వ్యవస్థను రూపొందించింది హైదరాబాదులోని బ్యాంకింగ్ సాంకేతిక పరిశోధన సంస్థ ఐడీఆర్‌బీటీ. ఐఎఫ్‌ఎస్‌సీలో మొదటి నాలుగు అక్షరాలు బ్యాంకువి, అయిదవది ఎప్పుడూ సున్నా, చివరి ఆరు శాఖవి. ఆ సున్నాను ఇంగ్లిషు అక్షరం ‘ఓ’ అనుకుని రాసేవారు ఇప్పటికీ ఉన్నారు.

శాఖకు ఇచ్చిన చిరునామా బ్యాంకు మారితే మారక తప్పదని కోస్తా జిల్లాలవారికి బాగా తెలిసివచ్చింది. భోగరాజు పట్టాభి సీతారామయ్య 1923లో మచిలీపట్నంలో స్థాపించిన ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో విలీనమైంది. ‘ఏఎన్‌డీబీ’తో మొదలయ్యే దాని సంకేతాలు 2021 మార్చి 31 వరకు చెల్లి, ఆ తరువాత ‘యూబీఐఎన్’ సంకేతాలకు చోటిచ్చాయి. పింఛను, బీమా వాయిదా, అద్దె, గ్యాసు రాయితీ అంటూ పాత సంకేతం ఎన్నిచోట్ల రాసి ఇచ్చామో గుర్తుచేసుకుని మార్పించుకోవలసి వచ్చింది. ఖాతా సంఖ్య మాత్రం పాతదే నిలిచింది. 2017లో స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాదు విలీనంలోనూ సంకేతం మారింది కానీ, గుంటూరు, విజయవాడల్లో దాని ప్రభావం ఇంతగా లేదు.

దేశం దాటేసరికి చిరునామా వేరు. 1973లో 15 దేశాలకు చెందిన 239 బ్యాంకులు బ్రస్సెల్స్ కేంద్రంగా, తమ మధ్య సందేశాలు చేరవేసే స్విఫ్ట్ సంస్థను ఏర్పాటు చేసుకున్నాయి. టెలెక్స్ స్థానంలో దాని సందేశాలు 1977లో మొదలయ్యాయి. స్విఫ్ట్ సంకేతంలో నాలుగు అక్షరాలు బ్యాంకుకు, రెండు దేశానికి, రెండు ప్రాంతానికి. శాఖకు మరో మూడు ఉండవచ్చు, ఉండకపోవచ్చు. ప్రతి శాఖకూ ఈ సంకేతం ఉండదు. గుంటూరు నుంచి మిర్చి ఎగుమతి చేసే వ్యాపారికి రావలసిన సొమ్ము, విదేశీ మారకం చూసే వేరే శాఖ సంకేతం మీద దేశంలోకి వచ్చి, ఖాతా సంఖ్యను బట్టి సొంత శాఖకు చేరడం మామూలే. అందుకే విదేశాల నుంచి డబ్బు పంపేవారికి స్విఫ్ట్ సంకేతం, ఖాతా సంఖ్య, శాఖ పేరు, ఐఎఫ్‌ఎస్‌సీ అన్నీ ఇవ్వాలి. అమెరికా మాత్రం 1910లో మొదలై ఇప్పుడు తొమ్మిదంకెలతో ఉన్న, బ్యాంకును తెలిపే రూటింగ్ సంఖ్యతోనే దేశీయ చెల్లింపులు సాగిస్తోంది, ఐబాన్ జోలికి పోలేదు.

ఐబాన్ 1990లలో ఐరోపాలో రూపుదిద్దుకుంది. దేశం అక్షరాల వెంటనే వచ్చే రెండంకెలు దాని ప్రాణం. మొత్తం సంఖ్యను ఒక క్రమంలో పేర్చి 97తో భాగిస్తే శేషం 1 రావాలి. ఒక అంకె తప్పినా, పక్కపక్క అంకెలు తారుమారైనా దాదాపు ఎప్పుడూ అక్కడే పట్టుబడుతుంది. మనకు అందరికీ వర్తించే అలాంటి తనిఖీ ఖాతా సంఖ్యలో లేదు. పైగా రిజర్వు బ్యాంకు 2010 అక్టోబరులో ఇచ్చిన సూచనల ప్రకారం, ఎలక్ట్రానిక్ చెల్లింపులను ఖాతా సంఖ్య ఆధారంగానే జమ చేయవచ్చు, పేరు సరిపోల్చనక్కరలేదు. కోట్ల లావాదేవీలను వేగంగా నడపడానికి అది అవసరమే. కానీ తప్పుగా కొట్టిన సంఖ్య నిజంగా ఎవరిదైనా ఖాతా అయితే, సొమ్ము వారికే చేరుతుంది. ఐఎఫ్‌ఎస్‌సీలో తప్పు కొన్నిసార్లు మన్నింపుకు వస్తుంది గాని, ఖాతా సంఖ్యలో తప్పు అంత సులభంగా సర్దుకోదు. సొమ్ము అందుకున్నవారి సమ్మతి లేనిదే బ్యాంకు కూడా సాధారణంగా దాన్ని వెనక్కి లాగలేదు.

తక్షణ చెల్లింపు పద్ధతులైన యూపీఐ, ఐఎంపీఎస్‌లలో ముందునుంచీ ఉన్న, సొమ్ము అందుకునేవారి పేరు చూపే సౌకర్యాన్ని ఆర్‌టీజీఎస్, నెఫ్ట్‌లకు కూడా 2025 ఏప్రిల్ 1 నాటికి కల్పించాలని రిజర్వు బ్యాంకు 2024 డిసెంబరు 30న ఆదేశించింది. ఖాతా సంఖ్య, ఐఎఫ్‌ఎస్‌సీ ఇవ్వగానే బ్యాంకు రికార్డులోని పేరు కనిపించాలి, అందుకు రుసుము తీసుకోకూడదు. ఏ కారణం చేతనైనా పేరు కనిపించకపోతే ముందుకు సాగాలా వద్దా అన్నది పంపేవారి ఇష్టం. సరైన రూపంలో ఉన్న సంఖ్య సరైన మనిషిదేనన్న హామీ ఐబాన్ కూడా ఇవ్వదు కనుక, యూరో వాడే దేశాల బ్యాంకులు సైతం 2025 అక్టోబరు 9 నుంచి చెల్లింపుకు ముందు పేరు సరిచూడడం మొదలుపెట్టాయి.