పలకాకు దుబాయ్ వెళ్లింది

బ్రాడీపేట, గుంటూరు

చిన్నీ, బుజ్జీ,

మీరు పంపిన ఫోటో చూడగానే నవ్వొచ్చింది. మీ పార్కులో ఫుట్‌పాత్ పక్కన పూసిన ఆ పువ్వు మా మెట్ల సందులో కూడా పూసి ఉంది. గడ్డి చామంతి అంటారు. మేం మాత్రం పలకాకు అనేవాళ్లం. బడికెళ్తూ దారిలో గుప్పెడు తుంచుకుని పలక మీద రుద్దితే బలపం గీతలన్నీ పోయి నల్లగా నిగనిగలాడేది. ఉమ్మి పెట్టి తుడిస్తే సరస్వతీదేవికి కోపం వస్తుందని మా అమ్మ భయపెట్టేది మరి.

ఎడారిలో ఇది ఎలా బతుకుతోంది అని కదా చిన్నీ నువ్వడిగింది? ఇది ఎడారి మొక్కే కాదు. దీని పుట్టిల్లు మెక్సికో, ఆ చుట్టుపక్కల వేడి దేశాలు. మన మిరపకాయ పుట్టిల్లూ అటే, మిరప యార్డులో ఈ మాట అంటే మాత్రం ఊరుకోరు. 1753లో లిన్నేయస్ అనే స్వీడన్ శాస్త్రవేత్త దీనికి ట్రైడాక్స్ ప్రోకంబెన్స్ అని పేరు పెట్టాడు. ప్రోకంబెన్స్ అంటే నేల మీద పడుకునేది.

మీ దగ్గర మామూలుగా ఏడాదంతా కలిపినా 100 మిల్లీమీటర్ల వాన పడదు. ఇక్కడ జూలై ఒక్క నెలలోనే అంతకు మించి కురుస్తుంది. అందుకే ఫోటో పెద్దది చేసి చూశాను. మూలన నల్లటి డ్రిప్ పైపు కనిపించింది. అదే దాని కృష్ణమ్మ! ఏ నర్సరీ కుండీ మట్టిలోనో గింజ దాక్కుని వచ్చి ఉంటుంది. కాస్త తడి దొరికిందా, కాడ నేల మీద పాకుతూ కణుపు కణుపుకీ వేరు దించుతుంది.

ఒక పువ్వు కోసి దగ్గరగా చూడండి. అది ఒక్క పువ్వు కాదు, పూల గుంపు. చుట్టూ అయిదారు మీగడ రంగు రేకులు, ఒక్కోదాని కొసన మూడు పళ్లు. ఒక్కో రేకూ ఒక పువ్వే. మధ్యలో పసుప్పచ్చ బొడ్డు నిండా గొట్టాల్లాంటి బుల్లి పూలు. పువ్వుకో గింజ, గింజకో నూగు గొడుగు. ఎండాక ఉఫ్ అని ఊదితే ఎగిరిపోతాయి. ఒక్క మొక్కకే 1500 గింజల దాకా కాస్తాయట. అమెరికా ప్రభుత్వం దీన్ని హానికర కలుపు జాబితాలో పెట్టిందంటే పెట్టదూ! ఇక్కడ మిరప చేలో పీకి గట్టు మీద పడేస్తే గట్టు మీదే మళ్లీ పూస్తుంది.

దీనికి గాయపాకు అని ఇంకో పేరు. మోకాలు చీరుకుపోతే ఆకు నలిపి పసరు పిండేవాళ్లు. మంట నషాళానికంటేది. మీరు మాత్రం మీ అమ్మ ఇచ్చిన మందే రాసుకోండి.

శనివారం ఒక పని చేయండి. ఆ పైపు వెంట నడుస్తూ ఎన్ని మొక్కలున్నాయో లెక్కపెట్టండి. తర్వాత పైపుకి పది అడుగుల దూరం జరిగి, ఒట్టి ఇసకలో వెతకండి. అక్కడ కూడా కనిపిస్తే నేను చెప్పింది తప్పన్నమాట. ఫోటో తీసి పంపండి, బుజ్జి వేలు అడ్డం రాకుండా.

మీ అమ్మమ్మ