చీటీల డబ్బా: అమ్మమ్మ ఉత్తరం

రాజమండ్రి,
ఆదివారం సాయంత్రం.

చిరంజీవి పెద్దోడికి, చిరంజీవి బుజ్జమ్మకి అమ్మమ్మ ఆశీర్వదించి రాయునది. ఇక్కడ తాతయ్య, నేను క్షేమం. అక్కడ మీరందరూ క్షేమమని తలుస్తాను.

మొన్న ఫోన్లో బుజ్జమ్మ అన్న మాట నాలుగు రోజులుగా నా చెవిలోనే ఉంది. "రోజూ ఏదో ఒకటి రాయమని మా మిస్ నోట్‌బుక్ ఇచ్చారు అమ్మమ్మా. తెరిస్తే తెల్లగా ఉంటుంది. ఏం రాయాలో తెలీదు. మూసేస్తున్నాను" అంది. "అదే వస్తుందిలే తల్లీ" అనేశాను. బడిలో ఇన్నేళ్లు తెలుగు చెప్పినదాన్ని, ఆ జవాబుతో సరిపెట్టకూడదు. అది దానంతటదే రాదు. ఎలా వస్తుందో నాకు తెలిసినంత ఈ ఉత్తరంలో చెబుతాను. పెద్దోడా, నువ్వూ చదువు. నీకు రాయడం ఇష్టం లేదని తెలుసు. అయినా చదువు.

నేను ఏడో తరగతిలో ఉండగా "వర్షాకాలము" అని వ్యాసం రాయమన్నారు. కిటికీ బయట వాన పడుతూనే ఉంది. అయినా గైడులో ఉన్న నాలుగు వాక్యాలే రాశాను. వర్షాకాలంలో వర్షాలు కురుస్తాయి, రైతులు సంతోషిస్తారు, చెరువులు నిండుతాయి, ప్రకృతి పచ్చగా ఉంటుంది. తరగతిలో నలభై మందిమి అవే రాశాం. ఆ రోజు మా ఇంట్లో పెంకు జారి, బియ్యం డబ్బా పక్కనే నీళ్లు కారుతుంటే అమ్మ కింద ఇత్తడి గిన్నె పెట్టింది. రాత్రంతా ఆ చుక్కల చప్పుడు విన్నాను. అది రాయొచ్చని నాకు తోచలేదు. "వర్షాకాలము" అన్న మాట అంత పెద్దది. ఆ మాట ముందు మా ఇత్తడి గిన్నె ఎవరికీ కనబడదు.

అదే ఎవరైనా "వాన చుక్క పడిన గిన్నె" అని చీటీ ఇచ్చి ఉంటే? అప్పుడు గైడు పనికిరాదు. మా ఇంట్లోకి వెళ్లి చూడక తప్పదు.

బుజ్జమ్మా, ఏం రాయాలో దారి చూపించే ఇలాంటి చీటీలని మీ మిస్ ప్రాంప్టులు అంటారు కదా. పేరు కొత్తదే గానీ పని మనకు కొత్త కాదు. తెలుగువాళ్లు కొన్ని వందల ఏళ్లుగా ఈ ఆట ఆడుతున్నారు. అవధానం అనే మాట విన్నారా? అష్టావధానంలో అవధాని చుట్టూ ఎనిమిది మంది కూర్చుంటారు. వాళ్లని పృచ్ఛకులు అంటారు. ఒక్కొక్కరు ఒక్కో చిక్కు ఇస్తారు. అవధాని కాగితం, కలం ముట్టకుండా అప్పటికప్పుడు పద్యాలు చెప్పాలి. తిరుపతి వేంకట కవులు ఇద్దరూ ఊరూరా తిరిగి ఈ అవధానాలు చేశారు. పద్యం సంగతి ఇప్పుడు మీకు వద్దు. ఆ ఎనిమిది చిక్కుల్లో మూడింటిని మాత్రం మీ నోట్‌బుక్కులోకి తెచ్చుకుందాం.

మొదటిది సమస్య. పద్యంలో చివరి పాదం వాళ్లే ఇస్తారు. వినగానే అది తప్పులా, అసాధ్యంలా ఉంటుంది. మిగతా పాదాలు చెప్పి దాన్ని నిజం చేయాలి. తెనాలి రామకృష్ణుడి మీద చెప్పుకునే కథ ఒకటుంది. ఆయన్ని ఇరుకున పెట్టాలని "కుంజరయూధంబు దోమ కుత్తుకఁ జొచ్చెన్" అని సమస్య ఇచ్చారట. కుంజరయూధం అంటే ఏనుగుల గుంపు. ఏనుగుల గుంపు దోమ గొంతులో దూరిందట! ఆయన దాన్ని మహాభారతంలోకి తీసుకుపోయాడు. అంతటి పాండవులు వెళ్లి విరాటరాజు కొలువులో పనివాళ్లుగా చేరారు, ఇంకేం చెప్పను సంజయా, ఏనుగుల గుంపు దోమ గొంతులో దూరినట్టే ఉంది అన్నాడు. ఎంత పెద్దవాళ్లకు ఎంత చిన్నచోటు దొరికిందో ఒక్క మాటలో చెప్పేశాడు.

ఇదే సమస్యను నేనొకసారి ఆరో తరగతి పిల్లలకు ఇచ్చాను. ఎప్పుడూ నోరు విప్పని పిల్లాడొకడు వెనక బెంచీలోంచి లేచాడు. "దోమ ఏనుగుని కుట్టి రక్తం తాగింది టీచర్. అలాంటి ఏనుగులు చాలా ఉన్నాయి. అందరి రక్తం దాని గొంతులోకే పోయింది" అన్నాడు. తరగతంతా చప్పట్లు కొట్టింది. రామకృష్ణుడికి తట్టనిది ఆ పిల్లాడికి తట్టింది. ఉత్త కాగితం ఇచ్చి "ఏనుగు గురించి రాయి" అని ఉంటే "ఏనుగు పెద్ద జంతువు, దానికి తొండం ఉండును" అని రాసేవాడు. మనసుకి ఒక చిక్కు తగిలితే ఏం రాయాలన్న దిగులు పోయి, ఎలా బయటపడాలన్న ఆలోచన పుడుతుంది. పిల్లలకు ఈ రెండోది చాలా ఇష్టం. దారం ముడి పడితే విప్పేదాకా వదలరు కదా మీరు.

రెండోది దత్తపది. సంబంధం లేని నాలుగు మాటలు ఇచ్చి, వాటిని వాడుతూ ఇంకేదో విషయం చెప్పమంటారు. సరదా కోసం టిఫిన్ల పేర్లు ఇవ్వడం కూడా ఉంది. మనమూ చూద్దాం. వడ, దోసె, పూరీ, అట్టు. విషయం గాలివాన. తిండి మాట రాకూడదు. తాతయ్యా నేనూ నిన్న రాత్రి భోజనాల దగ్గర కూర్చుని ఇలా చేశాం: "వడగళ్లు పడ్డాయి. దోసెడు దోసెడు ఏరుకున్నాం. పూరిపాక కప్పు లేచిపోయింది. ఊరంతా అట్టుడికింది." నాలుగు మాటలూ వచ్చాయి, చూశారా? వడ వడగళ్లలో దాక్కుంది. పూరీలో దీర్ఘం తీసేస్తే పాక అయింది. ఇవి చెప్పక ముందు మేం పాక గురించి గానీ దోసెడు వడగళ్ల గురించి గానీ అనుకోలేదు. మాటే దారి చూపించింది. ఇడ్లీని పెద్దోడికి వదిలేస్తున్నాను, ఎందులో దాస్తాడో చూస్తాను.

మూడోది నిషిద్ధాక్షరి. అవధాని ఒక్కో అక్షరం చెబుతుంటే, తర్వాత ఏది రాకూడదో పృచ్ఛకుడు చెబుతాడు. మనకి అంత వద్దు, ఒక్క నిషేధం చాలు. పెదవులు రెండూ తగిలే అక్షరాలు, అంటే ప, ఫ, బ, భ, మ లేకుండా మీ ఇంట్లోవాళ్ల గురించి నాలుగు వాక్యాలు రాయండి. నాన్న వస్తారు, తాతయ్య వస్తారు. అమ్మ రాదు, అమ్మమ్మా రాదు. అమ్మని "కన్నతల్లి" అనాలి. నన్ను ఏమంటారో మీ ఇష్టం. కుతుబ్‌షాహీల కాలంలో మరింగంటి సింగరాచార్యులు అనే కవి రాముడి కథ మొత్తం ఇలాగే పెదవులు కలవని అక్షరాలతో రాశారు. మరి "రామ" అనడానికి లేదు కదా, చివర పెదవులు కలుస్తాయి! అందుకే కావ్యానికి "దశరథరాజనందన చరిత్ర" అని పేరు పెట్టారు. పైకి చదివి చూడండి, పెదవులు ఒక్కసారి కూడా తగలవు. ఆ నిషేధం లేకపోతే ఆ పేరు పుట్టేది కాదు.

ఇవి పండితుల ఆటలే అనుకోకండి. నా చిన్నప్పుడు చందమామలో ప్రతి నెలా ఫోటో వ్యాఖ్యల పోటీ ఉండేది. రెండు ఫోటోలు వేసి, రెంటికీ ఒకదానికొకటి జత కుదిరేలా వ్యాఖ్యలు రాసి కార్డు మీద పంపమనేవారు. మా ఇంట్లో పుస్తకం రాగానే నేనూ మా అన్నయ్యా ఆ పేజీ దగ్గరే ఆగిపోయేవాళ్లం. నాకు బహుమతి ఎప్పుడూ రాలేదు. కానీ నెలంతా బజారులో, బస్సులో రెండేసి వస్తువులకు జత వెతకడం అలవాటైపోయింది. హైదరాబాద్ ఆకాశవాణిలో సమస్యాపూరణం వచ్చేది. ఇచ్చిన సమస్యను పూరించి శ్రోతలు ఉత్తరాలు రాసేవారు. అలా రాసేవాళ్లు పనిలో ఉండగా, నడుస్తుండగా ఆ పాదాన్నే నమిలేవారు. అసలు రహస్యం అక్కడుంది. చీటీ చేతికొచ్చిన క్షణం నుంచి రాసేదాకా మధ్య ఉన్న సమయమే ఎక్కువ పని చేస్తుంది.

అందుకని ఇలా చేయండి. ఖాళీ హార్లిక్స్ సీసానో బిస్కెట్ల డబ్బానో తీసుకోండి. చిన్న చీటీలు చేసి వేయండి. పొద్దున్న స్కూలుకి వెళ్లే ముందు ఒకటి తీసి చదివి, జేబులో పెట్టుకోండి. నచ్చలేదని మళ్లీ డబ్బాలో వేయకూడదు. ఎంచుకోవడం మొదలుపెడితే అరగంట ఎంపికకే పోతుంది, పైగా ఎప్పుడూ సులువైనదే తీస్తాం. సాయంత్రం పది నిమిషాలు రాయండి. గడియారం చూసి ఆపేయండి, వాక్యం సగంలో ఉన్నా సరే. రేపు ఆ సగం వాక్యమే మిమ్మల్ని కుర్చీలోకి లాగుతుంది. ఒకరోజు తప్పిపోతే పోనివ్వండి, మర్నాడు రెండు రాయొద్దు. బాకీ పడితే రాయడం హోంవర్కు అయిపోతుంది.

చీటీలో ఉన్నది చేతిలో పట్టేంత చిన్నదై ఉండాలి. స్నేహం, దేశభక్తి, నా ఆశయం, ఇలాంటివి వేయకండి. నేను వేసేవి ఇలా ఉంటాయి: మూత దొరకని డబ్బా. కరెంటు పోయిన పది నిమిషాలు. లిఫ్టులో ఎవరూ మాట్లాడుకోని నిమిషం. ఈ రోజు విన్న ఒక మాట, అన్నది ఎవరో చెప్పకుండా. "వాసన" అన్న మాట వాడకుండా పోపు వాసన.

ఒకసారి బడిలో ఒక అమ్మాయికి "తాళంచెవి" అనే చీటీ వచ్చింది. ఆ పిల్ల రాసింది నాకు ఇప్పటికీ నోటికొచ్చు. "మా నాయనమ్మ రొంటిన ఒక తాళంచెవి ఉంటుంది. అది పాత ఇంటిది. ఆ ఇల్లు 1986 వరదలో పోయింది. తలుపూ పోయింది, తాళమూ పోయింది. నాయనమ్మ స్నానానికి వెళ్లేటప్పుడు దాన్ని నా చేతికిచ్చి జాగ్రత్త అంటుంది." అంతే, ఐదు వాక్యాలు. "గోదావరి వరదలు" అని వ్యాసం రాయమంటే ఆ తాళంచెవి ఎప్పటికీ బయటికి వచ్చేది కాదు.

ఆ పిల్ల విషయంలోనే నేనొక తప్పు చేశాను. అంత బాగా రాసింది కదా, ఇంకా బాగా రావాలని మర్నాటి నుంచి ఆ నోట్‌బుక్కులన్నీ ఎర్ర సిరాతో దిద్దడం మొదలుపెట్టాను. ఇక్కడ ణ పడాలి, అక్కడ ఒత్తు తప్పు, ఈ వాక్యం తెగలేదు. పది రోజుల్లో ఆ అమ్మాయి మళ్లీ "తాళంచెవి ఇనుముతో చేయబడును" లాంటి వాక్యాలకు వచ్చేసింది. నాకు తెలిసొచ్చి, ఎర్ర కలం పక్కన పెట్టేశాను. ఆమె మునుపటిలా రాయడానికి చాలా వారాలు పట్టింది. కాబట్టి ఈ కాగితం అమ్మకీ నాన్నకీ కూడా చూపించండి: చీటీ నోట్‌బుక్కులో అక్షరం దిద్దకండి. అక్షరాలు దిద్దడానికి తెలుగు వాచకం ఉంది. పిల్లలు చదివి వినిపిస్తే వినండి, వినిపించకపోతే అడగకండి.

మొదటి వారం మీరు రాసింది మీకే నచ్చదు. పరవాలేదు. నేను చూసినంతలో పిల్లలు రెండో వారంలో చీటీల మీద ఫిర్యాదులు చేస్తారు, మూడో వారంలో వాళ్లే చీటీలు రాసి తెస్తారు. అలా తెచ్చిన రోజు నాకు పండగలా ఉండేది. ఎవరూ ఇవ్వకుండానే లోకంలో చీటీ కనబడటం మొదలైందన్నమాట.

ఈ కవర్లో ముప్పై చీటీలు పెట్టాను. ఇరవై నేను రాసినవి, నాలుగు తాతయ్య రాశారు. ఆయన దస్తూరి మీకు గుర్తే, అర్థం కాకపోతే ఫోన్ చేయండి. మిగతా ఆరూ ఖాళీవి. వాటిలో మూడు బుజ్జమ్మ రాసి పెద్దోడికివ్వాలి, మూడు పెద్దోడు రాసి బుజ్జమ్మకివ్వాలి. దసరాకి వచ్చేటప్పుడు డబ్బా తెచ్చుకోండి, ఇక్కడ పెరట్లో కూర్చుని నేనూ మీతో పాటు తీస్తాను.

ఇట్లు
మీ అమ్మమ్మ