పెద్దోడా, నోట్లో మూడు వేళ్లు పడుతున్నాయా?

అబ్బయ్యా, అమ్మళ్లూ, అందరూ బాగున్నారనుకుంటా.

సంక్రాంతికి మీరంతా వచ్చినప్పుడే చెప్దామనుకున్నా, ఇంటి నిండా జనం, కుదరలా. పెద్దోడి ప్యాంటు ఉతకడానికి తీస్తే జేబులోంచి పాన్ మసాలా ప్యాకెట్ పడింది, మీ నాయనమ్మ తెచ్చి నా చేతిలో పెట్టింది. తిట్టడానికి రాయట్లా, భయమేసి రాస్తన్నా.

కొండపి దగ్గర మన చేలో ఏళ్ల తరబడి పొగాకు వేశాం కదా, బ్యారన్‌కి, అంటే ఆకు మాగబెట్టే కొట్టానికి, ఆకెక్కించి మంట పెడితే ఐదారు రోజులు రాత్రీ పగలూ వేడి చూసుకుంటా ఉండాల. నిద్ర ఆపుకోడానికి మా బావమరిది ఖైనీలో సున్నం వేసి నలిపి ఎడమ బుగ్గలో పెట్టుకునేవాడు, పాతికేళ్లు అదే బుగ్గ, అదే చోటు. సరిగ్గా అక్కడే తెల్ల మచ్చ లేచింది, గోకితే పోలా, నొప్పి లేదు కదా అని ఊరుకున్నాడు. తర్వాత పుండైతే ఊళ్లో వైద్యం చేసే ఆయన వేడి చేసిందని బీకాంప్లెక్స్ మాత్రలిచ్చాడు, నాలుగు నెలలు అవే మింగాడు. మెడలో గడ్డ తేలాక పెద్దాసుపత్రికి తీసకపోతే ముక్క తీసి టెస్టుకి పంపారు, కేన్సరే. దవడ ఎముక ఓ పక్క తీసేశారు. చేపల పులుసంటే ప్రాణం పెట్టే మనిషి, ముక్కులో పైపు, అందులో పాలూ గంజీ, వంటింట్లో పులుసు కాగుతుంటే మొహం గోడ వైపు తిప్పుకునేవాడు.

ఆకు మాగేటప్పుడు దాంట్లో నైట్రోసమైన్లు అనేవి తయారవుతాయంట, కేన్సర్ తెచ్చేవి ముఖ్యంగా అవే. మాగిన ఆకు వాసన చూసి గ్రేడు చెప్పగలిగిన నాకు ఈ సంగతి బావమరిది పోయిందాకా తెలీదు. సున్నం కలిపితే నికోటిన్ తొందరగా ఒంట్లోకి ఎక్కుతుంది, అందుకే అలవాటు వదలదు. బీడీ, సిగరెట్, చుట్ట తాగినా నోటి కేన్సర్ రావచ్చు. శ్రీకాకుళం వైపు కొందరు ఆడవాళ్లు చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగుతారు, వాళ్లకి అంగిట్లో కేన్సర్ వస్తుంది. మందు తాగే అలవాటు తోడైతే రిస్కు ఇంకెన్నో రెట్లు.

పెద్దోడా, నా ప్యాకెట్లో పొగాకు లేదుగా తాతా అంటావేమో, వక్క ఉందిగా! పొగాకు లేకపోయినా వక్క ఒక్కటే కేన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్ల కేన్సర్ పరిశోధన విభాగం 2004లోనే తేల్చేసింది. వక్క నములుతా ఉంటే బుగ్గల లోపలి చర్మం నారకట్టినట్టు బిగుసుకుపోద్ది, ముందు కారం తగిలితే మంట, గోంగూర పచ్చడి కూడా తినలేరు, తర్వాత నోరు తెరుచుకోదు, మూడు వేళ్లు కూడా పట్టవు. అలా బిగిసిన చర్మం మళ్లీ మామూలుగా అవడం కష్టం, అది కేన్సర్‌గా మారే ప్రమాదం కూడా ఉంది. మన దేశంలో 2022లో ఒక్క ఏడాదే లక్షా 40 వేల మందికి పైగా నోటి కేన్సర్ బయటపడిందని అంచనా, మగవాళ్లలో ఎక్కువగా వచ్చే కేన్సర్ ఇదే.

18 ఏళ్ల లోపు వాళ్లకి పొగాకు అమ్మకూడదు, బడికి 100 గజాల లోపల అసలు అమ్మకూడదని 2003లోనే చట్టం వచ్చింది, అయినా బంకుల్లో దండలు కట్టి వేలాడదీస్తన్నారు, చూస్తే కడుపు మండిపోద్ది.

నెలకోసారి వెలుతుర్లో అద్దం ముందు నిలబడి బుగ్గలు లాగి, నాలుక ఎత్తి, నాలుక పక్కలు కూడా చూసుకోండి. తెల్ల మచ్చ, ఎర్ర మచ్చ (ఎర్రది ఇంకా ప్రమాదం), రెండు వారాలు దాటినా మానని పుండు, ఊరికే కదిలే పన్ను, వీటిల్లో ఏది కనపడినా పళ్ల డాక్టర్ దగ్గరికి పోండి. మొదట్లో నొప్పుండదు, నొప్పొచ్చిందాకా ఆగొద్దు. తొందరగా దొరికితే ఎక్కువ మందికి నయమవుతుంది, మావాడికి మచ్చ ఉన్నప్పుడే చూపించుంటే బతికేవాడేమో అని ఇప్పటికీ నిద్ర పట్టదు నాకు. మానలేకపోతే 1800 11 2356కి ఫోన్ చెయ్యి, డబ్బులేం పడవు, మానేదానికి సాయం చేస్తారు.

పెద్దోడా, ఈ ఉత్తరం అందగానే చూపుడు వేలు, నడిమి వేలు, ఉంగరం వేలు మూడూ కలిపి నిలువుగా నోట్లో పెట్టి చూడు, పట్టినయ్యో లేదో రాత్రికి ఫోన్ చేసి చెప్పు. ప్యాకెట్ సంగతి మీ నాన్నకి చెప్పలా, నా పెట్టెలోనే ఉంది.

మీ తాత