గుల్లలోంచి వెలుగు

కాకినాడ అఖాతంలో ఒక గుల్ల దొరుకుతుంది. అరచేయంత వెడల్పు, అప్పడమంత పలుచన. మనవాళ్లు దాన్ని బట్టీలో కాల్చి సున్నం తీశారు. అదే జాతి గుల్లను (ప్లాకునా ప్లాసెంటా) ఫిలిప్పీన్స్ వడ్రంగులు కిటికీలకు బిగించారు. అక్కడ దాని పేరు కాపిజ్. ఇది తెలిసినప్పటి నుంచీ ఆ దేశపు పాత ఇళ్ల మీదే నా ధ్యాస.

స్పానిష్ వాళ్ల కాలపు ‘బహాయ్ న బతో’ అంటే రాతి ఇల్లు. నిజానికి రాయి కింది అంతస్తుకే. ఇంటిల్లిపాదీ ఉండేది పైన, చెక్క అంతస్తులో. దాని బరువు మోసేవి చెక్క స్తంభాలే. 1645లో వచ్చిన భూకంపానికి మనీలాలో రాతి కట్టడాలు కూలిన తర్వాత ఈ పద్ధతి మరింత స్థిరపడింది.

ఇక ఆ పైఅంతస్తు కిటికీ చూడాలి! గోడ పొడవునా గాడిలో జరిగే తలుపులు. ప్రతి తలుపులో చదరంగం గళ్లలాంటి సన్నటి చెక్క చట్రం, గడికో గుల్లముక్క. మిట్టమధ్యాహ్నం ఎండ కూడా పాలలా మెత్తబడి గదిలోకి దిగుతుంది. తలుపు మూస్తే మరి గాలి? కిటికీ గట్టు కింద, నేల దాకా, ఇంకో చిన్న కిటికీ ఉంటుంది: వెంటనీయా. రాత్రి పైది మూసి ఇది తెరిస్తే, కింద చాప మీద పడుకున్నవాళ్లకు నేరుగా గాలి తగులుతుంది. పిల్లలు జారిపోకుండా కటకటాలు. గదుల మధ్య గోడల పైభాగంలో చిల్లుల చెక్కడం, కాలాడో. వేడిగాలి పైకి లేచి, దానిలోంచి గది గదీ దాటి వెళ్లిపోతుంది.

అసలు ఇంత పలుచటి గుల్ల పగలదేం? బరువులో 99 శాతం కాల్సైటే, అంటే సున్నపురాయిలోని ఖనిజమే. 2014లో అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయ పరిశోధకులు వజ్రపు మొనతో దాన్ని నొక్కి చూశారు. నానోమీటర్ల మందం గల కాల్సైట్ పొరల మధ్య అతి పలుచటి సేంద్రియ పదార్థం ఉంది. మొన దిగినచోట స్ఫటికం అద్దంలో ప్రతిబింబంలా దిశ మార్చుకుంటుంది. దీన్నే ట్విన్నింగ్ అంటారు. ఆ మార్పులోనే దెబ్బ శక్తి ఖర్చయిపోతుంది. పొరల హద్దు దగ్గర పగులు ఆగిపోతుంది. ఒంటి కాల్సైట్ స్ఫటికం కన్నా సుమారు పది రెట్లు శక్తిని మింగుతుంది, అయినా దాదాపు 80 శాతం వెలుగును లోపలికి వదులుతుంది!

బడిలో కాల్సైట్ అంటే యాసిడ్ చుక్క వేస్తే పొంగేది అని చెప్పి వదిలేస్తాం. పిల్లలకు తలా ఒక గుల్ల ఇచ్చి, ఎండకు ఎత్తి పట్టుకోమంటే చాలు, ప్రశ్నలు వాళ్లే అడుగుతారు.