క్లిచ్‌కోకు దక్కాల్సిన పేరు: తగవు మూలం అట్లాంటిక్ సిటీలో ఉంది

వ్లాదిమిర్ క్లిచ్‌కో 2017 ఆగస్టు 3, గురువారం నాడు బాక్సింగ్ నుంచి తప్పుకుంటున్నట్టు ప్రకటించడంతో, పదేళ్లుగా నలుగుతున్న పాత తగవు మళ్లీ రాజుకుంది. నవంబరు 11న లాస్ వేగస్‌లో బ్రిటన్ బాక్సర్ ఆంథొనీ జాషువాతో రెండోసారి తలపడేందుకు ఏర్పాట్లు సాగుతుండగానే, 41 ఏళ్ల ఈ ఉక్రెయిన్ హెవీవెయిట్ ఇక చాలనుకున్నాడు. 69 పోరాటాలు, 64 విజయాలు, వాటిలో 53 నాకౌట్లు, ఐదు ఓటములు. ఈ అంకెల మీద ఎవరికీ పేచీ లేదు, వాటికి కట్టే విలువ మీదే పేచీ. గట్టి ప్రత్యర్థులు లేని కాలంలో ఏలాడని, గెలిచినా చూడముచ్చటగా గెలవలేదని ఒక వర్గం ఎప్పటినుంచో అంటోంది. ఏప్రిల్ 29న వెంబ్లీలో 90 వేల మంది ఎదుట అతడు జాషువా చేతిలో ఓడిన రాత్రి, ఆ వర్గంలో చాలామంది తొలిసారి మనసారా మెచ్చుకున్నారు. అప్పుడు వెలువడిన వీడ్కోలు వ్యాసాల్లోనూ ఆ ఓటమికే పెద్దపీట దక్కింది. తొమ్మిదిన్నరేళ్ల ఏలుబడిని పక్కనపెట్టి ఒక్క ఓటమితో ఒక మనిషి జీవితకృషిని తూచడం అన్యాయం.

1996 అట్లాంటా ఒలింపిక్ స్వర్ణం, అన్న విటాలీతో కలిసి జర్మనీ చేరుకోవడం, 2000లో తొలి ప్రపంచ టైటిల్ వంటివి తెలిసిన సంగతులే. ఈ తగవు అర్థం కావాలంటే చూడవలసింది 2004 ఏప్రిల్ నుంచి 2005 సెప్టెంబరు వరకు గడిచిన ఏడాదిన్నర కాలాన్ని. క్లిచ్‌కోను మెచ్చేవారు మెచ్చే గుణమూ, విసుక్కునేవారు విసుక్కునే గుణమూ ఆ కాలంలోనే పుట్టాయి.

అప్పటికి ఏడాది ముందే, 2003 మార్చి 8న హానోవర్‌లో దక్షిణాఫ్రికా ఎడమచేతివాటం బాక్సర్ కోరీ శాండర్స్ రెండు రౌండ్లలోనే అతణ్ని పదేపదే నేలకూల్చి టైటిల్ లాక్కున్నాడు. శాండర్స్ వదులుకోవడంతో ఖాళీ అయిన ఆ టైటిల్ కోసమే 2004 ఏప్రిల్ 10న లాస్ వేగస్‌లో లామన్ బ్రూస్టర్‌తో పోరు జరిగింది. డెట్రాయిట్‌లోని క్రాంక్ జిమ్‌లో థామస్ హెర్న్స్‌ను తీర్చిదిద్దిన, లెనాక్స్ లూయిస్‌కు శిక్షణ ఇచ్చిన ఎమాన్యుయెల్ స్టీవార్డ్ శిక్షకుడిగా క్లిచ్‌కో పక్షాన రింగు మూలలో నిలబడిన మొదటి రాత్రి అది. నాలుగో రౌండులో బ్రూస్టర్ పడిపోయాడు. అయితే ఐదో రౌండుకు వచ్చేసరికి క్లిచ్‌కో చేతులు ఎత్తలేని స్థితికి చేరాడు, కొట్టి కొట్టి తానే అలిసిపోయాడు. ఎదురుదెబ్బలకు తూలుతూ రౌండు ముగిసేవేళ కుప్పకూలాడు. లేచినా తన మూలకు సరిగా నడిచి వెళ్లలేని ఆ మనిషిని చూసి రిఫరీ పోరు ఆపేశాడు. గడ్డం గాజుదని, అంటే దెబ్బకు తట్టుకోలేడని, గుండెలో దమ్ము లేదని, అతడి కథ ముగిసిందని అమెరికా వ్యాఖ్యాతల్లో చాలామంది తేల్చేశారు.

ఆ మాటకు జవాబు రావడానికి 2005 సెప్టెంబరు 24 దాకా పట్టింది. అట్లాంటిక్ సిటీలో ఎదుట నిలిచినవాడు నైజీరియాకు చెందిన శామ్యూల్ పీటర్: 24 పోరాటాల్లో ఓటమే లేదు, 21 నాకౌట్లు. అలాంటి గుద్దులవీరుడితో, నాకౌట్ దెబ్బలు తిని తేరుకుంటున్న మనిషిని నిలబెట్టడం సాహసమేనని అందరూ అనుకున్నారు. ఐదో రౌండులో రెండుసార్లు, పదో రౌండులో మరోసారి క్లిచ్‌కో నేలకు ఒరిగాడు. ఒకే పోరులో మూడుసార్లు పడ్డవాడు గెలవడం బాక్సింగ్‌లో అరుదు. అతడు లేచిన ప్రతిసారీ చేసిన పని ఒక్కటే. ఎడమచెయ్యి చాచి దూరం కొలుచుకున్నాడు, జాబ్ (ముందు చేత్తో సూటిగా కొట్టే దెబ్బ) విసిరాడు, పీటర్ దగ్గరకు దూసుకొస్తే చేతులు పట్టేసి బరువు వాలేశాడు, మళ్లీ దూరం జరిగి జాబ్ మొదలుపెట్టాడు. చివరి రౌండులో ఎడమ హుక్ (పక్కనుంచి వంపుగా వచ్చే దెబ్బ) ఒకటి తగిలి పీటర్ కాళ్లు తడబడ్డాయి. ముగ్గురు జడ్జీలూ 114-111 తేడాతో క్లిచ్‌కోనే విజేతగా ప్రకటించారు.

శాండర్స్ చేతిలో, బ్రూస్టర్ చేతిలో ఓడిన క్లిచ్‌కో వేరు, ఆ రాత్రి బయటికి వచ్చిన క్లిచ్‌కో వేరు. పాత క్లిచ్‌కో వరసగా పంచ్‌లు కురిపించి త్వరగా ముగించాలని చూసేవాడు, ముగియకపోతే తానే ఖాళీ అయ్యేవాడు. స్టీవార్డ్ మార్చింది దాన్నే. 198 సెంటీమీటర్ల ఎత్తునూ, చేతుల పొడవునూ గోడలా వాడుకోవడం, దమ్మును పన్నెండు రౌండ్లకూ పంచుకోవడం, ముప్పు ఉన్నచోట నిలవకపోవడం అతడికి అలవాటు చేశాడు. చాలామంది ఛాంపియన్లు తమ బలహీనతను ఒప్పుకోకుండానే రింగు విడిచిపోయారు. 29 ఏళ్ల వయసులో, అప్పటికే ఒకసారి ప్రపంచ ఛాంపియన్ అయినవాడు, తన గడ్డం మీద తనకే నమ్మకం లేదని లోలోపల అంగీకరించి ఆటను మొదటినుంచీ మళ్లీ నేర్చుకోవడం తేలిక కాదు. అతడి గొప్పదనం మొత్తం ఇందులోనే ఉందని ఈ వ్యాసకర్త నమ్మకం.

ఆ తరువాతి ఫలితాలు కళ్లముందే ఉన్నాయి. 2006 ఏప్రిల్ 22న మాన్‌హైమ్‌లో క్రిస్ బర్డ్‌ను ఏడో రౌండులో ఓడించి టైటిల్ తిరిగి సంపాదించిన దగ్గర్నుంచి, 2015 నవంబరు 28న డ్యూసెల్డార్ఫ్‌లో టైసన్ ఫ్యూరీ చేతిలో ఓడేదాకా, తొమ్మిదేళ్ల ఏడు నెలలపాటు అతణ్ని ఎవరూ కదిలించలేకపోయారు. హెవీవెయిట్ చరిత్రలో అంతకంటే ఎక్కువకాలం విరామం లేకుండా ఏలినవాడు జో లూయీ ఒక్కడే. ఆ ఏలుబడిలో 18 సార్లు, మొదటి దఫాతో కలిపితే 23 సార్లు టైటిల్ కాపాడుకున్నాడు. 2007 జులైలో కొలోన్‌లో బ్రూస్టర్‌ను మళ్లీ ఎదుర్కొని ఆరు రౌండ్లకే చేతులెత్తించాడు. 2010లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో పీటర్‌ను పదో రౌండులో నాకౌట్ చేశాడు.

విమర్శకుల వాదనకు ఆధారం లేకపోలేదు. 2008 ఫిబ్రవరిలో న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో సుల్తాన్ ఇబ్రగిమోవ్‌తో జరిగిన పోరులో క్లిచ్‌కో గెలిచినా, ఎడమచెయ్యి చాచి నిలబడటం తప్ప పెద్దగా ఏమీ చేయకపోవడంతో ప్రేక్షకులు గోల చేశారు. అటు తరువాత అమెరికా అతడి మీద ఆసక్తి చాలావరకు పోగొట్టుకుంది, అతడు జర్మనీ స్టేడియాలకే ఎక్కువగా పరిమితమయ్యాడు. 2013 అక్టోబరులో మాస్కోలో అలెగ్జాండర్ పవెట్కిన్‌ను నాలుగుసార్లు పడగొట్టిన పోరు మరీ చూడలేనిది. పన్నెండు రౌండ్లపాటు మెడ మీద వాలిపోవడం, నెట్టడం, పట్టుకోవడమే ఎక్కువ కనిపించింది, రిఫరీ ఒక్క పాయింటు కోసి ఊరుకున్నాడు. క్లిచ్‌కో అభిమానులు కూడా ఆ పోరును వెనకేసుకు రాలేరు.

అలాగని ఆ జాగ్రత్తను పిరికితనంగా రాసేవాళ్లు 2010 మార్చి 20న డ్యూసెల్డార్ఫ్‌లో జరిగిన పోరును గుర్తుంచుకోవాలి. ఎడీ చాంబర్స్‌పై పాయింట్లలో తిరుగులేని ఆధిక్యంలో ఉన్నాడు, చివరి రౌండును ఊరికే గడిపేసినా గెలుపు అతడిదే. మూలలో కూర్చున్న క్లిచ్‌కో మీద స్టీవార్డ్ విరుచుకుపడ్డాడు, ఇలా కాదు, ముగించమని గట్టిగా కేకలేశాడు. రౌండు పూర్తికావడానికి కొద్ది సెకన్లు మిగిలి ఉండగా ఎడమ హుక్ దెబ్బకు చాంబర్స్ కుప్పకూలాడు. బ్రూస్టర్ రాత్రిని మరిచిపోనివాడు జాగ్రత్తగా ఉంటాడు, గురువు పోరితే ప్రమాదంలోకీ దిగుతాడు. 2012 అక్టోబరులో స్టీవార్డ్ చనిపోయాక అలా గదమాయించే గొంతు అతడి మూలలో లేకుండా పోయింది. పవెట్కిన్‌తో ఆ వికారమైన పోరు స్టీవార్డ్ లేని మొదటి ఏడాదిలోనే జరిగిందన్నది విమర్శకులు అంతగా పట్టించుకోని విషయం.

ఇక 'బలహీనమైన కాలం' అనే ఆరోపణ. కాల్విన్ బ్రాక్, ఇబ్రగిమోవ్, రుస్లాన్ చగాయెవ్, పవెట్కిన్, కుబ్రాత్ పులెవ్, బ్రయాంట్ జెన్నింగ్స్, ఇంకా పీటర్, వీళ్లంతా క్లిచ్‌కో ఎదుట మొదటిసారి నిలబడేనాటికి ఓటమి ఎరుగనివాళ్లు. అతడు ఓడించాకే వాళ్లు సామాన్యులుగా కనిపించారు. నోటి దురుసుతో నెలల తరబడి కవ్వించిన డేవిడ్ హే 2011 జులైలో హాంబర్గ్ వానలో పన్నెండు రౌండ్ల తరువాత పాయింట్లపై ఓడి, ఆఖరికి కాలి బొటనవేలి గాయాన్ని సాకుగా చూపాడు. ఆ పోరును జర్మనీలో కోటిన్నర మందికి పైగా టీవీలో చూశారు. అమెరికా చూడనంత మాత్రాన ఆ కాలం ఖాళీగా గడిచినట్టు కాదు.

ఆ కాలంలో అతడికి సరిసమానుడు ఒకడు నిజంగానే ఉన్నాడు. అతడు సొంత అన్న. వేర్వేరు సంస్థలు ఇచ్చే నాలుగు ప్రధాన ప్రపంచ టైటిళ్లలో ఒకటి 2008 నుంచి విటాలీ చేతిలోనే ఉంది. ఒకరితో ఒకరు ఎన్నడూ పోరాడబోమని అన్నదమ్ములు తల్లికి మాట ఇచ్చారు, ఇచ్చిన మాట నిలబెట్టుకున్నారు. హే మీద గెలుపుతో ప్రధాన టైటిళ్లు నాలుగూ ఒకే ఇంటికి చేరినా, ఏకైక ఛాంపియన్ అనిపించుకునే అవకాశం తమ్ముడికి రాలేదు. దీన్ని కూడా లోటు కిందనే లెక్కకట్టే వాళ్లున్నారు. ప్రత్యర్థులు లేరని ఒకపక్క అంటూ, ఉన్న ఒక్క ప్రత్యర్థి అన్న అయితే ఏం చేయాలో వాళ్లే చెప్పాలి. జో లూయీ ప్రత్యర్థులను కూడా ఆనాటి పాత్రికేయులు నెలకో దద్దమ్మ అని వెక్కిరించారు. అలీ తరువాత వచ్చిన పాపానికి లారీ హోమ్స్ ఏళ్లతరబడి పేరు కోసం వెంపర్లాడాడు. పొడుగాటి ఏలుబడి చేసినవాడికి సమకాలికులు న్యాయం చేయకపోవడం హెవీవెయిట్ విభాగంలో కొత్త కాదు.

ఫ్యూరీ పోరు గురించి దాచడానికేమీ లేదు. 39వ ఏట, ఆ రాత్రి మొత్తంలో 52 దెబ్బలు మాత్రమే తగిలించగలిగాడు, చెయ్యి కదలలేదు. రీమ్యాచ్ రెండుసార్లు ఖరారై రెండుసార్లూ ఫ్యూరీ వైపునుంచి ఆగిపోవడంతో ఆ మచ్చను తుడుచుకునే వీలు అతడికి దక్కలేదు. అందుకే వెంబ్లీ. ఐదో రౌండులో తాను పడి, ఆరో రౌండులో జాషువాను పడగొట్టాడు. పది రౌండ్లు ముగిసేసరికి జడ్జీల్లో ఒకరి లెక్కలో ముందున్నాడు. పదకొండో రౌండులో రెండుసార్లు పడి లేచాడు, రిఫరీ ఆపేదాకా నిలబడే ఉన్నాడు. లోకం అప్పుడు చూసి మెచ్చుకున్న ధైర్యం కొత్తగా పుట్టినది కాదు, అంతకు పన్నెండేళ్ల ముందు పీటర్ ఎదుట మూడుసార్లు నేలనుంచి లేచినప్పుడే కనబడినది.

ఒప్పందం ప్రకారం రీమ్యాచ్ అతడి హక్కు, డబ్బు కూడా భారీగా వచ్చేది. దాన్ని వదులుకున్నాడు. దాంతో అప్పుడు జాషువా చేతిలో ఉన్న టైటిళ్లలో ఒకదానికి తప్పనిసరి ఛాలెంజర్‌గా, అంటే ఛాంపియన్ తప్పక ఎదుర్కోవలసినవాడిగా నిలబడినవాడు బల్గేరియాకు చెందిన పులెవ్. 2014 నవంబరులో హాంబర్గ్‌లో ఐదో రౌండులో క్లిచ్‌కో నాకౌట్ చేసింది ఆ పులెవ్‌నే.